మోకాలి లోతు నుంచి ఆరు మీటర్ల దాకా

(విశాఖపట్నంలో కొత్తగా స్కూబా డైవింగ్ నేర్చుకోవాలనుకునేవారి కోసం జరిగిన సాయంకాలపు సభలో ఒక డైవింగ్ శిక్షకుడి ప్రసంగం)

అందరికీ నమస్కారం. పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన అమ్మానాన్నలకి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకి, గోడవార నిలబడ్డ కాలేజీ కుర్రాళ్లకి అందరికీ. ఇక్కడ ముందర రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయమ్మా, వచ్చి కూర్చోండి.

మాకు ఫోన్ చేసేవాళ్లు దాదాపు అందరూ ముందుగా అడిగేది ఒకటే. "సార్, ఎంత లోతుకి తీసుకెళ్తారు?" మొదటిసారికి ఐదారు మీటర్లు చాలండీ అంటాను. అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత "అంతేనా?" అంటారు. ఈ సాయంత్రం నేను ఆ "అంతేనా" గురించే మాట్లాడదామని వచ్చాను. ఎందుకంటే మొదటిసారి సముద్రంలోకి దిగే మనిషి లోతు గురించి ఆఖర్న అడగాలి. ముందు అడగాల్సింది: ఎక్కడ దిగుతాం, ఎక్కడ పైకి తేలతాం, వీపు మీద గాలి సిలిండర్ బరువు మోసుకుంటూ ఒడ్డుకి ఎలా నడిచొస్తాం? ఈ మూడింటికీ మంచి జవాబున్న చోటే కొత్తవాళ్లకి మంచి డైవ్ సైట్. లోతు దాని తర్వాత సంగతి.

డైవింగ్‌కి రెండు దారులున్నాయి. పడవెక్కి వెళ్లి నీళ్లలోకి దూకడం ఒకటి. సామాను ఒంటికి కట్టుకుని ఇసుక మీద నుంచి నడుచుకుంటూ దిగడం రెండోది. దీన్నే షోర్ డైవ్ అంటారు. కొత్తవాళ్లకి నాకు రెండోదే ఇష్టం. కారణం చాలా సాదాది. మోకాలి లోతులో భయం వేస్తే నిలబడొచ్చు. నడుము లోతులో మాస్క్‌లోకి నీళ్లొస్తే తలెత్తి మాస్క్ తీసేయొచ్చు. ఛాతీ లోతులో "ఈ రోజు నా వల్ల కాదు" అనిపిస్తే వెనక్కి తిరిగి నడిచి వెళ్లిపోవచ్చు. పడవ మీద నుంచి దూకినవాడికి ఈ మెట్లేవీ ఉండవు. దూకగానే కాళ్ల కింద ఏమీ ఉండదు.

అయితే మన తీరం సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. అండమాన్‌లో హావ్‌లాక్ అని ఉంది, 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అంటున్నారు. అక్కడ నీమో రీఫ్ దగ్గర కొత్తవాళ్లు ఒడ్డు నుంచే దిగుతారు. దీవులు, పగడపు దిబ్బలు అడ్డం ఉన్న చోట పెద్ద కెరటం తీరానికి వచ్చేసరికి నీరసపడిపోతుంది. మన ముందున్నది అడ్డం లేని బంగాళాఖాతం. ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో రేగిన అల కూడా వేల కిలోమీటర్లు నడిచొచ్చి సరాసరి మన ఇసుక మీదే విరుగుతుంది. అందుకే విశాఖలో ఒడ్డు నుంచి డైవ్ చేయాలంటే లోపల ఏముందో చూడక ముందే ఆ విరిగే చోటుని చదవడం రావాలి.

ఆర్కే బీచ్‌నే తీసుకోండి. ఊళ్లో అందరికీ దగ్గర, బస్సు దిగితే ఇసుకే. కొత్తవాళ్లని అక్కడ దింపుతారా అని అడిగితే దింపనంటాను. ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది, నాలుగడుగులు వేసేసరికి కాలు అందదు. కెరటం పాదాల దగ్గరే విరుగుతుంది. నీటిని లోపలికి లాక్కెళ్లే ప్రవాహాలున్నాయి, ఏటా అక్కడ ఎన్ని ఇళ్లు ఏడుస్తున్నాయో మీరంతా పేపర్లో చదువుతున్నదే. సిలిండర్ ఉన్నంత మాత్రాన ఆ ప్రవాహం మనిషిని గౌరవించదు. రుషికొండ కొంత నయం. ఒక వంక కొండ అడ్డం ఉంటుంది, ఇసుక మెత్తగా ఉంటుంది. శుభ్రత, భద్రత బాగున్న బీచ్‌లకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్, 2020లో అది వచ్చిన తొలి ఎనిమిది భారతీయ బీచ్‌లలో ఇదీ ఒకటి. లైఫ్‌గార్డులు, మార్చుకునే గదులు, మంచినీళ్లు లాంటివి ఉన్నాయి కాబట్టి కుటుంబాలతో వచ్చేవాళ్లకి సదుపాయం.

నాకు మనసుకి దగ్గరైనది మంగమారిపేట. భీమిలి రోడ్డులో రుషికొండ దాటి, తొట్లకొండ కిందకి వస్తే కుడిచేతి వైపు తగులుతుంది. మత్స్యకారుల ఊరు. ఒడ్డున రాతి తోరణం ఉంటుంది, ఫోటోలు తీసుకోవడానికి మీలో చాలామంది వెళ్లే ఉంటారు. ఆ రాయి మీద నిలబడి సెల్ఫీ తీసుకుని వచ్చేసేవాళ్లకి ఒక మాట చెప్పాలి. ఆ రాళ్లు నీటి అంచు దగ్గర ఆగిపోలేదు, లోపలికీ ఉన్నాయి. నీళ్ల అడుగున ముప్ఫై అడుగుల లోతులో ఇంకో తోరణం ఉందని కొన్నేళ్ల కిందట డైవర్లు చూసి చెబితే పత్రికల్లోనూ వచ్చింది. మొదటి డైవ్‌లో అక్కడిదాకా పోవక్కర్లేదు. దానికి చాలా ఇవతల, రాళ్ల మధ్య ఇసుక పరుచుకుని ఉన్న చోట్లున్నాయి. కొత్తవాళ్లకి కావాల్సింది ఆ ఇసుకే. మోకాళ్ల మీద కూర్చుని సాధన చేయడానికి మెత్తటి నేల, తల తిప్పితే చూడ్డానికి రాయి. రెండూ పక్కపక్కనే ఉంటే అంతకన్నా ఏం కావాలి.

ఇప్పుడు నెమ్మదిగా చెప్పాల్సిన భాగానికి వచ్చాను. కుర్రాళ్లూ, ఫోన్లు కాసేపు జేబులో పెట్టండి.

మేం ఒడ్డుకి చేరగానే సామాను దింపం. కనీసం పది నిమిషాలు ఊరికే నిలబడి నీళ్లని చూస్తాం. కెరటాలు ఒకే తీరుగా రావు, గుంపులుగా వస్తాయి. నాలుగైదు పెద్దవి వరసగా వచ్చి విరుగుతాయి, తర్వాత కాసేపు చిన్నవే వస్తాయి. ఆ పెద్దవాటికీ పెద్దవాటికీ మధ్య ఎంత ఎడం వస్తోందో గడియారం చూసి లెక్కపెట్టుకోవాలి. మనం దిగేది ఆ ఎడంలోనే. వలలు బాగుచేసుకుంటూ ఒడ్డున కూర్చునే పెద్దవాళ్లని కూడా అడుగుతాం. అక్కడ ఒక తాత ఉన్నాడు. నీళ్లవైపు ఒక్కసారి చూసి, "ఈయేల వద్దు బాబూ, నీరు లాగుతున్నాది" అన్నాడంటే ఆ పూట మా సంచులు మళ్లీ బండెక్కేస్తాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ రోజూ అలల ఎత్తు, గాలి సూచనలు ఇస్తుంది, ముందురోజు రాత్రి అది చూసుకునే బయల్దేరతాం. కానీ ఆ సూచన తీరమంతటికీ వర్తించేది. మంగమారిపేటలో ఈ రాయి పక్కన ఈ గంటలో నీరెలా ఉందన్నది ఆ తాతకే తెలుస్తుంది.

మనిషిని మోసం చేసేది ఎక్కడంటే, కొత్తవాళ్లని ఒడ్డున నిలబెట్టి "నీకు ఎక్కడ దిగాలనిపిస్తోంది?" అని అడిగితే నూటికి తొంభై మంది కెరటం విరగని చోటు చూపిస్తారు. రెండు పక్కలా తెల్లటి నురుగు, మధ్యలో నున్నగా ఉన్న నీళ్ల బాట. చూడ్డానికి తలుపు తీసిపెట్టినట్టే ఉంటుంది. చాలాసార్లు అదే రిప్ కరెంట్. ఒడ్డుకి కొట్టుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అది. నీరు అక్కడ లోతుగా ఉంటుంది, వెళ్లే నీరు వచ్చే అలకి ఎదురు పోతుంది, అందుకే అక్కడ కెరటం విరగదు. అడుగునున్న ఇసుకని లాక్కుపోతూ ఉంటుంది కాబట్టి రంగు కొంచెం మట్టిగా కనిపిస్తుంది. రాళ్లున్న చోట ఇంకో సంగతి ఉంది. తీరం వెంబడి నడిచే నీరు రాయికి తగిలి పక్కకి పోలేక, ఆ రాయి అంచునే లోపలికి మళ్లుతుంది. అంటే మనకి ఆసరా అనుకున్న రాయి పక్కనే ఆ బాట ఉండొచ్చు. అందుకని రాయికి మరీ ఆనుకుని దిగం, కొంత ఎడంగా ఇసుక మీద నుంచే దిగుతాం. పొరపాటున దాంట్లో పడితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. ఒడ్డుకి సమాంతరంగా ఈదితే కాసేపటికి ఆ బాట దాటిపోతాం. బాట వెడల్పు ఎక్కువ ఉండదు, దాని బలమంతా ఆ ఇరుకులోనే. మనల్ని తేల్చే జాకెట్‌లో గాలి ఉంది, సిలిండర్ గాలిని అందించే రెగ్యులేటర్ నోట్లో ఉంది, మునిగిపోం. కంగారు పడి ఓపిక పోగొట్టుకోకుండా ఉంటే చాలు.

దిగేటప్పుడు ఒక పద్ధతుంది. మాస్క్ ముఖానికి పెట్టుకునే దిగాలి, మెడలో వేలాడేసుకుని కాదు. రెగ్యులేటర్ మొదటి తడి అడుగు నుంచే నోట్లో ఉండాలి. మోకాలి లోతులో అల కొట్టి పడిపోయినా అప్పుడు శ్వాసకి ఢోకా లేదు. పాదాలకి తొడిగే తెడ్ల లాంటి ఫిన్స్ వేసుకుని ముందుకి నడిస్తే బోర్లా పడతారు, అందుకే వెనక్కి నడవాలి, భుజం మీదుగా కెరటాన్ని చూసుకుంటూ. పాదాలు ఎత్తి వేయకుండా ఇసుక మీద ఈడ్చాలి. ఇసుకలో టేకు చేప దాగి ఉంటే ఆ అలికిడికి తప్పుకుంటుంది, తొక్కితే మాత్రం తోక ముల్లుతో పొడుస్తుంది. పొడిస్తే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో కాలు పెట్టి ఉంచడం ప్రథమ చికిత్స, తర్వాత డాక్టర్ దగ్గరికి. నడుము లోతు దాటగానే నిలబడి ఉండే ఆలోచన మానేయాలి. నిలబడ్డ మనిషిని కెరటం పడేస్తుంది, ఈదే మనిషి మీదుగా దాటి పోతుంది.

తిరిగొచ్చేటప్పుడూ ఇదే, కాకపోతే అప్పటికి ఒళ్లు అలిసి ఉంటుంది. నీళ్లలో ఏమీ బరువనిపించని సిలిండర్ ఒడ్డుకొచ్చేసరికి ఒక్కసారి మీద పడుతుంది. లేవలేకపోతే మోకాళ్ల మీద, చేతుల మీద పాకుతూ రండి. నేనూ అలాగే వస్తాను. అందులో నామోషీ ఏమీ లేదు.

సరే, కెరటం దాటాం. జాకెట్‌లో గాలి వదిలేశాం. కిందికి పోతున్నాం. మొదట తెలిసేది చెవి. స్విమ్మింగ్ పూల్ అడుగుకి వెళ్లినవాళ్లకి తెలుసు, రెండు మీటర్లకే చెవి బిగుస్తుంది. ముక్కు మూసుకుని మెల్లగా ఊదాలి, చెవిలో చిన్న చప్పుడవుతుంది, బిగువు వదిలిపోతుంది. నొప్పి వచ్చాక చేసేది కాదిది, నొప్పి రాకముందే, ప్రతి అర మీటరుకీ మీటరుకీ చేయాలి. వదలకపోతే ఒక మీటరు పైకి రావాలి, మళ్లీ ప్రయత్నించాలి. బలవంతంగా దిగితే కర్ణభేరి చిరగొచ్చు. జలుబు ఉంటే ఆ రోజు డైవ్ లేదు, టికెట్లు కొనుక్కుని ఎంత దూరం నుంచి వచ్చినా లేదు.

ఇక్కడే లోతు గురించి అసలు మాట చెప్పాలి. సముద్రమట్టం దగ్గర మన మీద ఒక వాతావరణ పీడనం ఉంటుంది. ప్రతి పది మీటర్ల నీటికీ ఇంకొకటి కలుస్తుంది. పది మీటర్ల దగ్గర రెండు, ఇరవై దగ్గర మూడు, ముప్ఫై దగ్గర నాలుగు. ముప్ఫై నుంచి ఇరవైకి వస్తే నాలుగు మూడవుతుంది, అంటే ఊపిరితిత్తుల్లో బిగబట్టిన గాలి మూడోవంతు మాత్రమే పెరుగుతుంది. పది నుంచి పైకి వస్తే రెండు ఒకటవుతుంది, అదే గాలి రెట్టింపవుతుంది. పీడనం మారే తీరు మనిషి మీద ఎక్కువగా పనిచేసేది పైనున్న ఈ పది మీటర్లలోనే. ఆరు మీటర్ల దగ్గర ఛాతీ నిండా నాలుగు లీటర్ల గాలి పీల్చి, భయంతో బిగబట్టి పైకి లేస్తే, పైకి చేరేసరికి దానికి ఆరు లీటర్ల పైన చోటు కావాలి. ఆ చోటు ఊపిరితిత్తుల్లో లేదు. నాలుగైదు అడుగుల లోతు నుంచి ఊపిరి బిగబట్టి లేచినా ఊపిరితిత్తులకి గాయమైన సందర్భాలు వైద్యులు నమోదు చేశారు. కాబట్టి "లోతు తక్కువే కదా" అని శిక్షకుడి చెయ్యి వదిలేసి పైకి తన్నుకొచ్చేయకూడదు. స్కూబాలో మేం నేర్పే మొదటి నియమం, మిగతావన్నీ మర్చిపోయినా మర్చిపోకూడనిది: ఊపిరి ఎప్పుడూ బిగబట్టకండి. పీలుస్తూ, వదులుతూ ఉండండి. లేచేటప్పుడు నిమిషానికి తొమ్మిది మీటర్లు మించకుండా లేవాలి. అంటే ఆరు మీటర్లు రావడానికి నలభై సెకన్లు. మనసులో నలభై లెక్కపెట్టి చూడండి, ఎంత నిదానమో తెలుస్తుంది.

లోతు తక్కువైతే వచ్చే లాభం గాలి దగ్గర కనిపిస్తుంది. పన్నెండు లీటర్ల సిలిండర్‌ని 200 బార్‌కి నింపారనుకోండి, బార్ అంటే దాదాపు ఒక వాతావరణ పీడనం. 50 బార్ అక్కరకి ఉంచేస్తే మిగిలిన 150 బార్‌ని పన్నెండుతో హెచ్చించండి, వాడుకోవడానికి 1800 లీటర్ల గాలి ఉంటుంది. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి, పీడనం 1.6 రెట్లున్న ఆరు మీటర్ల దగ్గర 32 లీటర్లు పీలుస్తాడు. లెక్క కడితే 56 నిమిషాలు. అదే మనిషి పద్దెనిమిది మీటర్ల దగ్గర 56 లీటర్లు పీలుస్తాడు, 32 నిమిషాలకి అయిపోతుంది. కొత్తవాళ్లు ఆత్రంగా పీలుస్తారు కాబట్టి నిజానికి ఇంకా ముందే అయిపోతుంది. ఇప్పుడు మీరే చెప్పండి, ఫోన్లో "అంతేనా" అన్నారే, ఎక్కువసేపు ఉండేది ఎక్కడ? వెలుగూ అంతే. నీళ్లు ముందు ఎరుపుని మింగేస్తాయి, ఐదారు మీటర్లు దాటాక ఎర్రటి చేప బూడిదరంగులోకి దిగిపోతుంది. రంగులు చూడాలనుకునేవాళ్లకి పైనే ఎక్కువ దొరుకుతాయి.

కింద ఏముంటుందని పిల్లలు అడుగుతారు. ఇసుక మీద గులివిందలు ఉంటాయి. బజార్లో చూసే ఉంటారు, గడ్డం కింద రెండు మీసాలుంటాయి. చచ్చిన చేప బుట్టలో ఆ మీసాలు వాలిపోయి ఉంటాయి, ఎందుకున్నాయో తెలియదు. నీళ్లలో చూడాలి. మనిషి వేళ్లతో తడుముకున్నట్టు ఆ రెండింటితో ఇసుక గెలుకుతూ పోతుంది, చిన్న పురుగు తగలగానే మూతి గుచ్చేస్తుంది, వెనక చిన్న దుమ్ము మేఘం లేస్తుంది. ఆ దుమ్ములో తప్పిపోయిన తిండి కోసం ఇంకేవో చిన్న చేపలు వెంటబడతాయి. కదలకుండా ఒక్క చోట పది నిమిషాలు ఉండగలిగితే ఇదంతా చేతికందే దూరంలో జరుగుతుంది. రాళ్ల పగుళ్లలో పాములా ఉండే మోరే ఈల్ అనే చేప తల బయటపెట్టి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. కోపంగా ఉందనుకుంటారు చూసినవాళ్లు. అది ఊపిరి పీల్చుకునే తీరు అంతే. పగుల్లో చెయ్యి పెట్టనంతవరకు దాని దారి దానిది. రాయి మీద గుల్లలు, సముద్రపు పూలు, సముద్రపు ముళ్లబంతులు. అక్కడక్కడా గట్టి పగడం కూడా అతుక్కుని ఉంటుంది. మాస్క్ అద్దం వల్ల నీళ్లలో ప్రతిదీ దగ్గరగా, మూడోవంతు పెద్దగా కనిపిస్తుంది, కాబట్టి పైకొచ్చి చెప్పే కొలతల్లో ఆ మేరకి కోత వేసుకోవాలి.

ఇంకో సంగతి పాఠంలో చెబుతారు గాని అనుభవిస్తేనే అర్థమవుతుంది. ఆరు మీటర్లలో నీరు నిలకడగా ఉండదు. పది సెకన్లకొకటి చొప్పున వచ్చే అల పొడవు లోతైన సముద్రంలో 150 మీటర్లు దాటి ఉంటుంది, దాని ఊపు అందులో సగం లోతు దాకా తెలుస్తుంది. అందుకని మన చోట అడుగు దాకా ఊపు ఉంటుంది. మనిషిని రెండు మీటర్లు ముందుకి, రెండు మీటర్లు వెనక్కి జరుపుతుంది. కొత్తవాళ్లు దాంతో కుస్తీ పడతారు, చేతులు ఆడిస్తారు, గాలి ఖర్చవుతుంది. పక్కనే ఉన్న చేపని చూడమంటాను. అదీ ముందుకి పోతోంది, వెనక్కి వస్తోంది, రెక్క కూడా ఆడించట్లేదు. ముందుకి ఊపినప్పుడు కాలు కదపాలి, వెనక్కి లాగినప్పుడు ఊరుకోవాలి.

దారి తప్పితే ఏం చేయాలని ఒక తల్లి బయట అడిగారు. మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది, సముద్రం ఆగ్నేయం వైపు. దిక్సూచిలో ఆగ్నేయం పట్టుకుని వెళ్తే వాయవ్యం పట్టుకుని రావాలి. దిక్సూచి చూడ్డం రాకపోయినా ఇసుక చెబుతుంది. అల ఊపుకి అడుగున ఇసుక మడతలు పడుతుంది, ఆ మడతలు ఒడ్డుకి సమాంతరంగా ఉంటాయి. వాటిని అడ్డంగా దాటుతూ, లోతు తగ్గే వైపుకి పోతే ఒడ్డు వస్తుంది. మీ పిల్లలు ఒంటరిగా ఉండరమ్మా, మొదటి డైవ్‌లో ప్రతి పిల్లవాడి పక్కనా శిక్షకుడు ఉంటాడు. అయినా ఇది తెలిసుండటం మంచిది.

ఎప్పుడు రావాలంటే, నావరకు జనవరి నుంచి ఏప్రిల్ దాకా. వానాకాలంలో కెరటం పెద్దది, గెడ్డల నీరు కలుస్తుంది, చెయ్యి చాపితే వేళ్లు కనిపించవు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఎలా వచ్చిందో ఈ ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు. మార్చి, ఏప్రిల్‌లలో ఒక విచిత్రం ఉంది. ఎండలు ముదురుతుంటే నీళ్లు ఒక్కోరోజు ఉన్నట్టుండి చల్లబడతాయి. నైరుతి గాలి తీరం వెంబడి వీచినప్పుడు పైనీరు సముద్రంలోకి జరుగుతుంది, దాని చోటుకి అడుగు నుంచి చల్లటి నీరు పైకొస్తుంది. 1950ల్లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన యూజీన్ లఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త విశాఖ తీరంలో దీన్ని కొలిచి చూపించారు. ఆ నీటితో పాటు పోషకాలు వస్తాయి, నాచు పెరుగుతుంది, చేప వస్తుంది. నీళ్లు మసకేస్తాయి కూడా. అందుకే ఆ నెలల్లో ఒంటి వేడి పోకుండా కాపాడే పలచటి వెట్‌సూట్ వేసుకోమంటాం, ఎండ చూసి వద్దనకండి. రోజులో అయితే పొద్దున్నే మంచిది. పది దాటితే సముద్రపు గాలి లేస్తుంది, నీళ్ల మీద గరుకు మొదలవుతుంది. మరీ ఆరింటికి కాదు, అప్పుడు సూర్యుడు నీటి మట్టానికి ఉండి వెలుగు లోపలికి దిగదు. ఏడున్నరకి దిగి తొమ్మిదికి బయటపడితే హాయి. పోటు మీద నీరుంటే ఇంకా మంచిది, రాళ్ల మీద నీళ్లు ఎక్కువుంటాయి, సముద్రం వైపు నుంచి శుభ్రమైన నీరు వస్తుంది.

ఒక విషయం మీతో మనసు విప్పి చెప్పాలి. ఆ రాళ్లలో తెగిన వలలు చిక్కుకుని ఉంటాయి. సన్నటి నైలాన్ తీగ, నీళ్లలో కంటికి ఆనదు. ఒక పీతని విడిపించడం చూస్తే తెలుస్తుంది అదెంత పనో. ఒక్కో కాలికీ తీగ రెండు మూడు చుట్లు తిరిగి ఉంటుంది, లాగితే కాలు ఊడొస్తుంది. చిన్న కత్తెరతో ఒక్కో చుట్టూ కత్తిరించాలి, అది గిలకొట్టుకుంటూ మన వేలు పట్టుకుంటుంది. చివరి చుట్టు తెగగానే కాసేపు కదలదు, తర్వాత అడ్డంగా పరుగు తీసి రాయి కిందకి దూరిపోతుంది. దీనికి మత్స్యకారుల్ని తప్పు పట్టకండి. వల తెగితే నష్టపోయేది ముందు వాళ్లే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపుకుని కూర్చునేదీ వాళ్లే. వాళ్ల ఒడ్డు మీద మనం అతిథులం. వాళ్ల పడవలు దిగే దారికి అడ్డంగా సామాను పెట్టకూడదు, వల వేసిన చోట డైవ్ చేయకూడదు, కింద డైవర్లున్నారని చెప్పే జెండా ఉన్న తేలుడుబంతి పైన లేకుండా నీళ్లలో తిరగకూడదు.

అలాగే ఏదీ ముట్టుకోవద్దు, తీసుకురావద్దు. పగడం, సముద్రపు గుర్రం, సముద్రపు దోసకాయ, ఆలివ్ రిడ్లీ తాబేలు అన్నీ 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవే. చలికాలంలో ఆ తాబేళ్లు ఇదే ఇసుక మీదకి గుడ్లు పెట్టడానికి వస్తాయి. మనం సామాను దింపే చోటే అవి గుడ్లు పెట్టే చోటు కావచ్చు.

చివరగా, ఊరు చూడ్డానికి వచ్చేవాళ్లకి ముఖ్యమైనది. పొద్దున్న డైవ్, మధ్యాహ్నం అరకు అని చాలామంది ప్రణాళిక వేసుకుని వస్తారు. అలా పెట్టుకోకండి. డైవ్‌లో శరీరంలోకి కొంత నైట్రోజన్ చేరుతుంది, అది నిదానంగా బయటికి పోవాలి. అది పోకముందే పైకెక్కితే పీడనం తగ్గి, ఒంట్లోనే బుడగలు కట్టొచ్చు. విమానం ఎక్కే ముందు ఒక్క డైవ్ అయితే 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు ఆగమని నియమం. ఆ నియమం 600 మీటర్ల ఎత్తు దాటే ఏ ప్రయాణానికైనా వర్తిస్తుంది, కొండ రోడ్డైనా సరే. అరకు 900 మీటర్ల ఎత్తులో ఉంది, దారిలో అనంతగిరి ఘాట్ ఇంకా పైకి తీసుకెళ్తుంది. కాబట్టి అరకు ముందు చూసి రండి, మర్నాడు డైవ్ చేయండి. లేదంటే డైవ్ చేసిన రోజు కైలాసగిరికి వెళ్లండి, కురుసుర జలాంతర్గామి చూడండి, రాత్రి ఊళ్లోనే పడుకోండి.

ఆరోగ్య పత్రాలు ఆ బల్ల మీద ఉన్నాయి. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి ఆపరేషన్, ఫిట్స్, గర్భం, ఇవేవైనా ఉంటే దాచకుండా రాయండి. రాస్తే మేం వద్దనేస్తామని భయపడకండి, డాక్టర్ చూసి సరేనంటే తీసుకెళ్తాం. పదేళ్లు నిండని పిల్లల్ని సముద్రంలో డైవ్‌కి తీసుకోం, వాళ్ల కోసం ఆటు సమయంలో రాళ్ల మడుగుల దగ్గర నడక పెడతాం, దానికి పేర్లు వేరే కాగితం మీద రాయండి. ఈత రాకపోయినా పరిచయ డైవ్ చేయొచ్చు, కానీ కోర్సు చేయాలంటే ఈత రావాల్సిందే. ఇంక ప్రశ్నలు అడగండి. ఆ వెనకున్న నాన్నగారు ఇందాకట్నుంచి చెయ్యెత్తే ఉన్నారు, ముందు వారికి మైకు ఇవ్వండి.